పచ్చ వరసలు

నూకరత్నానికి ఇద్దరు అత్తగార్లు. ఒకావిడ అనకాపల్లి పక్కన తుమ్మపాలలో ఉంటుంది. కోడలు ఎప్పుడొచ్చింది, ఎక్కడికెళ్లింది, కూరలో ఉప్పెందుకు తక్కువైంది అని ఏనాడూ అడిగిన పాపాన పోలేదు. రెండో అత్తగారు మాత్రం రత్నం కుడిచెవి వెనకే ఉంటుంది. వేలిగోరంత వెడల్పున్న పల్చటి పట్టీ. ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు ఉద్దేశ నమోదు పట్టీ. ఆఫీసులో ఆ పేరుతో పిలిచిన నాథుడు లేడు. పొద్దున్నే గేటు దగ్గర పెట్టెలోంచి పట్టీ తీసిస్తూ సెక్యూరిటీ సింహాచలం, "అత్తగారిని ఎక్కించుకోండమ్మా" అంటాడు. "ఎక్కించుకోక చస్తానా" అని రత్నం దాన్ని చెవి వెనక అంటించుకుని లోపలికి నడుస్తుంది.

ఆమె పనిచేసేది విశాఖపట్నంలో, అరుదైన రక్తదాతల కేంద్రంలో. మామూలు గ్రూపుల వాళ్లతో ఈ కేంద్రానికి పని లేదు. ఊళ్లకు ఊళ్లు వెతికితే ఒక్కరు దొరికే గ్రూపులుంటాయే, ఆ రక్తం ఉన్నవాళ్ల పేర్లు, ఊళ్లు, ఫోన్లు ఒక డేటాబేసులో భద్రంగా ఉంటాయి. దానికి అడ్మినిస్ట్రేటరు రత్నం. అంటే ఏం పనే అని తుమ్మపాల అత్తగారు ఒకసారి అడిగితే, "కొట్టుగది తాళాలన్నీ నా దగ్గరుంటాయత్తా" అని చెప్పింది. ఆవిడకు చక్కగా అర్థమైంది. తాళాలున్న మనిషి మీద ఓ కన్నుండాలని కూడా ఆవిడే అంది.

ఆ కన్ను మొదట్నించీ ఉంది. ఏ అడ్మినిస్ట్రేటరు ఏ వివరం తెరిచాడు, ఏం మార్చాడు, ఏం చెరిపాడు అని వరసగా నమోదయ్యేది. అయితే ఎక్కడో ఒక ఆసుపత్రిలో ఒక పెద్దమనిషి, డ్యూటీలో భాగంగా చూడాల్సిన వివరాలనే చూసి, ఇంటికెళ్లి అమ్ముకున్నాడు. నమోదు తిరగేస్తే తప్పేమీ దొరకలేదు. 'చూశాడు' అని ఉంది గానీ ఎందుకు చూశాడో లేదు. ఆ గొడవలోంచి పుట్టిందే ఈ పట్టీ. పెదాల దాకా రాని మాటని, దాని వెనకున్న భావాన్ని అది పట్టుకుంటుంది. చేసిన పని ఒక పక్క, మనసులో ఉన్న ఉద్దేశం ఇంకో పక్క రాస్తుంది. రెండూ పొసిగితే ఆ వరస పచ్చగా ఉంటుంది. పొసగకపోతే ఎర్రబడుతుంది.

చేరిన కొత్తలో రత్నం ఒక దాత ఫోన్ నంబరు సరిచేస్తూ, ఈయన మా లెక్కల మాస్టారి అబ్బాయేమో, పెళ్లయిందో లేదో అనుకుంది. అంతే. వరస ఎర్రబడింది. మర్నాడు సంజాయిషీ కాగితం వచ్చింది. దాత పెళ్లితో మీకేం పని అని. సిగ్గుతో చచ్చినంత పనైంది. అప్పట్నించి డ్యూటీలో ఉన్నంతసేపూ మనసుని గంగిరెద్దులా నడిపించడం నేర్చుకుంది. ఏం చేసినా ముందు కారణం అనుకోవడం, తర్వాత మీట నొక్కడం.

గేటు దాటితే పట్టీ ఉండదు, సాయంత్రం దాన్ని పెట్టెలో పెట్టి రావాలి. కానీ అలవాటు పెట్టెలో ఉండిపోదు కదా. ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీస్తూ 'కరివేపాకు కోసం' అనుకుంటుంది. ఉతకబోయే ముందు మొగుడి చొక్కా జేబులో చెయ్యి పెట్టి, కారణం అనుకోవడం మర్చిపోయానే అని ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. ఆమె భర్త గవర్రాజు ఫిషింగ్ హార్బరు ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు. నోటికీ మనసుకీ మధ్య తలుపన్నది లేని మనిషి.

"ఏటే రత్నా, పులుసు కలుపుకుంటా పెదాలు కదుపుతున్నావు. ఎవలికి సెప్తన్నావు?" అన్నాడొకరోజు.

"ఎవరికీ లేదు."

"ఎవలికీ కాదంటే నాకు సెప్పు. నాను గోడనేటి?"

రత్నం నవ్వేసింది. తర్వాత గిన్నెలు తోముకుంటుంటే దుఃఖం వచ్చింది. రోజంతా ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి మనసంతా పరిచి, ఇంటికొచ్చేసరికి కట్టుకున్నవాడికి చెప్పడానికి ఒక్క మాటా మిగలడం లేదు.

ఆ ముక్కూ మొహం తెలియని మనిషే ఆడిటరు. పట్టీ రాసింది చదివి, ఎర్ర వరసలకు ఎదురుగా తన అభిప్రాయం రాసే ఉద్యోగి. అత్తగారు మోసే చాడీలు వినేది మావగారే కాబట్టి ఆఫీసులో ఆయన పేరు మావగారు. ఆయనది ఏ ఊరో, అసలు మగో ఆడో కూడా అడ్మినిస్ట్రేటర్లకు తెలియకూడదు. చూసేవాడూ చేసేవాడూ కలిసిపోతే కాపలాకి అర్థం లేదని నిబంధన. ఒక్క మాట కలిపినా ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. అమ్మ పోయిన నెలలో రత్నం కంప్యూటర్ ముందు కూర్చుని లోపల్లోపలే ఏడ్చింది. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు. ఆ ఏడుపంతా మావగారు కూర్చుని చదువుతున్నాడు కదా అనుకుంటే నడిబజార్లో చీర లాగేసినట్టనిపించింది. దిక్కుమాలిన ఉద్యోగం, ఇలాంటి పని చేసేవాడికి నిద్రెలా పడుతుందో అని ఆయన్ని తిట్టుకుంది. ఆ తిట్టూ నమోదయింది. చిత్రంగా, సంజాయిషీ అడుగుతూ కాగితమేదీ రాలేదు.

* * *

ఆ వారం కేంద్రమంతా బాంబే గ్రూపు గొడవతో అట్టుడికిపోతోంది. ఆ గ్రూపు వాళ్లకి ఆ గ్రూపు రక్తమే ఎక్కించాలి, ఇంకేదీ సరిపడదు. ఎవడో దళారీ ఆ దాతల ఫోన్ నంబర్లు ఎక్కడో సంపాదించి, రక్తం కొంటామంటూ వాళ్ల ప్రాణాలు తోడేశాడు. దాతలకు ఒళ్లు మండి, మా పేర్లు చెరిపెయ్యండి, మీకూ మీ కేంద్రానికీ దండం అన్నారు. ఆసుపత్రి డాక్టర్ మేరీ సుగుణ వాళ్లని బతిమాలుతోంది. గొడవ తేలేదాకా ఆ జాబితాకి తాళం పడింది. డాక్టర్లు కూడా సొంతంగా తెరవడానికి లేదు, రత్నం తెరిచి పంపాల్సిందే.

దాత తన పేరు చెరపమంటే చెరపాలి. అది చట్టం. దాన్ని మరుపు అంటారు. యంత్రం మరిచిపోవడం మనిషి మరిచిపోవడం లాంటిది కాదు. విశాఖ నుంచి, తర్వాత రాజమండ్రిలో దాచిన నకలు ప్రతి నుంచి, తిరుపతి ప్రతి నుంచి, ఆఖరున కర్నూలు ప్రతి నుంచి ఆ పేరు తుడిచిపెట్టుకుపోతుంది. కర్నూలు కూడా పోయాక దేవుడు దిగొచ్చినా ఆ పేరు వెనక్కి తేలేడు. దాతలకు కేంద్రం ఇచ్చిన మాట అది.

ఆ రోజు భోజనాల వేళకు ముందు ఫోన్ మోగింది. డాక్టర్ మేరీ సుగుణ. వెనక ఏదో గోల.

"రత్నం, ఆ బాంబే గ్రూపు వాళ్ల పేర్లు తీసియ్యమ్మా. అర్జెంటు."

బతిమాలినా లాభం లేకపోయిందన్నమాట, దాతలు వెళ్లిపోతున్నారన్నమాట అనుకుంది రత్నం.

"అందరివీనా డాక్టరుగారూ?"

"అందరివీ. ఒక్కరిని కూడా వదలొద్దు."

నోటిమాటగా వచ్చిన ఆజ్ఞని తిరిగి చెప్పి ఖాయం చేసుకోవాలని నియమం. రత్నం ఆ నియమం ఎన్నడూ తప్పలేదు. "తీసెయ్యమంటారు. అంతేనా?" అని అడిగింది.

"అదేనమ్మా నే చెప్పేది, తీసియ్యి. ఇక్కడ క్షణం ఆగేట్టు లేదు!"

ఫోన్ పెట్టేసింది.

డాక్టరు అన్నది 'తీసి ఇయ్యి' అని. రత్నం విన్నది 'తీసివెయ్యి' అని. రత్నం తిరిగి అడిగినప్పుడు డాక్టరూ తన మాటే విన్నది. తెలుగువాళ్లం ఇంటింటా రోజూ వాడే మాటలే రెండూ, ఫోన్లో వింటే ఒకదానికొకటి కవలపిల్లలు. అట్లకాడ తీసియ్యమంటే ఎవరూ పారెయ్యరు. ఎదురుగా మనిషి ఉంటాడు, చెయ్యి చాచి ఉంటాడు. ఫోన్లో చాచిన చెయ్యి కనపడదు.

రత్నం కూర్చుని మరుపు మీట నొక్కింది. పాపం, ఇంతమందీ ఒక్కసారే విసిగిపోయారు, రేపు ఏ తల్లికి అవసరం పడితే ఏం గతి అనుకుంటూనే నొక్కింది. పట్టీ తన పని తాను చేసింది. చేసిన పని: చెరపడం. ఉద్దేశం: చెరపడం. రెండూ పొసిగాయి. వరస పచ్చగా, ముచ్చటగా వెలిగింది. దొంగని పట్టడానికి పుట్టిన యంత్రానికి, నిజాయితీగా పొరపాటు పడ్డ మనిషిని ఆపడం ఎవరూ నేర్పలేదు.

తెర మీద విశాఖ ఖాళీ అయింది. రాజమండ్రి ఖాళీ అయింది. తిరుపతి ఖాళీ అవుతుండగా బల్ల మీది ఫోన్ మళ్లీ మోగింది.

"ఆపమ్మా! ముందు ఆపు!"

పెద్ద వయసు మగ గొంతు. సీమ యాస. ఆయాసపడుతున్నాడు.

"ఎవరండీ మీరు?"

"అదంతా తర్వాత. ఆయమ్మ తీసి ఇమ్మనింది. తీసి. ఇమ్మనింది. చెరిపెయ్యమన్లేదు. వెనకాల నర్సు అంటా ఉండాది, పేషెంటును టేబులు మీదికి ఎక్కించినారంట. ఆడ రగతం కావల్లమ్మా, ఆపు!"

రత్నం చేతులు ఆమె కంటే ముందే కదిలాయి. మరుపు ఆగింది. తిరుపతి పోయింది. కర్నూలు మిగిలింది. ఫోన్ ఎత్తి చూస్తే అవతల ఎవరూ లేరు.

ఆ మిగిలిన ప్రతి నుంచి పేర్లన్నీ తెచ్చి డాక్టరుకి పంపింది. కంగారులో మూడుసార్లు తప్పు మీటలు నొక్కింది. "ఇంతసేపా రత్నం?" అని డాక్టరు విసుక్కుంది. పాలకొండ నుంచి కాన్పుకొచ్చిన సరోజిని అనే అమ్మాయి ఆపరేషన్ టేబుల్ మీద రక్తం కోసం ఉందని అప్పుడు తెలిసింది. జాబితాలో దగ్గరగా ఉన్నది రాజాం జనపనార మిల్లులో పనిచేసే ఒకాయన. మా పేర్లు చెరపమని అందరికంటే గట్టిగా అరిచింది ఆయనే. సంగతి చెప్పగానే తిడుతూనే వ్యానెక్కి వచ్చి, తిడుతూనే చెయ్యి చాచాడు. సాయంత్రానికి తల్లీ బిడ్డా క్షేమం అని డాక్టర్ మేరీ సుగుణ స్వయంగా కేంద్రానికి వచ్చి చెప్పింది. అప్పటికి ఏం జరగబోయిందో ఆమెకీ తెలిసింది. రత్నం చెయ్యి పట్టుకుని, "నా నోట్లోంచి వచ్చిన మాటే కదమ్మా" అంది.

రత్నానికి ఆ మాట సగమే వినపడింది. ఆ గొంతెవరిదో ఆమెకు ఫోన్ పెట్టేసిన మరుక్షణమే తెలిసిపోయింది. తను మనసులో ఏమనుకుంటూ మీట నొక్కిందో, ఫోన్ రికార్డులో డాక్టరు ఏమందో రెండూ చూడగలిగిన మనిషి లోకంలో ఒక్కడే, మావగారు. ఒక్క మాట మాట్లాడితే తన ఉద్యోగం పోతుందని ఆ మనిషికి ఆమె కంటే బాగా తెలుసు.

* * *

"విచారణంటే ఏటి సేస్తారు?" గవర్రాజు అన్నం మానేసి అడిగాడు.

"నేనూ ఆ ఫోన్ చేసినాయనా ఒకరినొకరం ముందే ఎరుగుదుమా అని అడుగుతారు. ఎరుగుదుమని తేలితే ఇద్దరం కుమ్మక్కయ్యామని అర్థం. ఇంక ఏ ఆఫీసులోనూ మమ్మల్ని తాళాల దగ్గరికి రానివ్వరు."

"నువ్వెరగవు గదా."

"నేనెరగను. ఆయన నన్నెరుగును. అదే భయం." రత్నం తన కంచం పక్కకు జరిపింది. "నాకోసం కాదు. నాకింకో పని దొరుకుతుంది. ఆ ముసలాయనకి నా మూలాన పోతుంది."

ఆ పూట ఆమె కారణాలేవీ అనుకోలేదు. ఉన్నదున్నట్టు మొగుడికి చెప్పేసింది, అమ్మ పోయిన నెల సంగతితో సహా. గవర్రాజు అంతా విని, చెయ్యి కడుక్కుని వచ్చి, "ఆ మారాజు నాకెక్కడైనా అగుపిస్తే కాళ్ల మీద పడిపోతాను" అన్నాడు. "నువ్వు కూడా దండమెట్టి రా."

"మాట్లాడనివ్వరు."

"దండానికి మాటెందుకే?"

* * *

విచారణ గది మధ్యలో అడ్డంగా ఒక తెర. ఇటు రత్నం. అటు ఆయన. ఎదురుగా డైరెక్టరు ఇందుమతీ దేవి. గట్టి మనిషి, మాట ఖచ్చితం, మనసు చెడ్డది కాదు. ఇద్దరికీ పట్టీలు పెట్టారు. మొదట్లోనే ఆవిడ పద్ధతి చెప్పింది. ఇక్కడ ఎవరేం చెప్పినా తనకే చెప్పాలి, ఒకరితో ఒకరు మాట్లాడరాదు. తీర్పు మీద సంతకం పడేదాకా ఆయన ఆడిటరే కాబట్టి రత్నం వరసలు ఎప్పటిలాగే ఆయన ముందుకే పోతాయి.

"నూకరత్నం గారూ, ఫోన్లో వచ్చిన గొంతు మీకు ముందే తెలుసా?"

"తెలీదండి."

గోడ మీద ఆమె వరస పచ్చగా వెలిగింది.

"ఆ మనిషి గురించి ఎప్పుడైనా ఆరా తీశారా?"

"లేదండి. తిట్టుకున్నానండి. చాలాసార్లు."

"అవి నేను చదివినానండి," అన్నాడు తెర వెనకాయన. "మంచి తిట్లు."

డైరెక్టరుకి నవ్వొచ్చింది. కాగితాలు సర్దుతున్నట్టు తల దించుకుంది. తర్వాత అటు తిరిగింది.

"మీరు చూడాల్సింది ఎర్ర వరసలు. ఇది పచ్చ వరస. పచ్చవి చదవాల్సిన పని మీకు లేదు. ఈవిడది ఎందుకు చదివారు?"

"అమ్మా, దాచిపెట్టేదానికి లేదు, నా చెవి వెనకాల కూడా ఇది ఉండాది కదా, చెప్పేస్తా," అన్నాడాయన. "పొద్దున్నించీ సాయంత్రం దాకా నా ముందరికొచ్చేది ఎర్రవే. ఎవరు ఎవరి జబ్బు చూసి నవ్వుకున్నారు, ఎవరు ఏ నంబరు కాజేద్దామనుకున్నారు, ఇదే చదవల్ల. చదివి చదివి, వీధిలో మనిషి నమస్కారం పెడితే కూడా లోపల ఏముందో అనిపించే కాడికి వచ్చినా. ఇంట్లో నా పెండ్లాము కాఫీ ఇచ్చినా అదే. ఆయమ్మ అలిగి మాట్లాడడమే మానేసింది."

ఆయన కుర్చీ తెరకి దగ్గరగా జరిగిన చప్పుడైంది.

"అప్పుడు ఒకదినం ఈ రత్నమ్మ పచ్చ వరసొకటి చూసినా. ఎవరో దాత చనిపోతే పేరు తీసేస్తా, 'నాయనా, ఎంతమందికి ప్రాణం పోసినావో, పోయిరా' అనుకునింది. ఎవరో చూసేదానికి కాదు, నిజంగానే. ఆ పొద్దు నాకు అన్నం సయించింది. అప్పటినించి ఎర్రవి ఎక్కువైనప్పుడంతా ఈమె పచ్చవి చదువుకుంటా ఉండా. ఇంత మంచిగా పనిచేసుకునే మనసు ఒకటి ఉండాది అని తెలుసుకునేదానికి. తప్పేనేమో. ఆమెకు నేను రుణపడి ఉండా."

రత్నం రెండు చేతులతో కుర్చీ పట్టుకుంది. తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చి ముఖం వేడెక్కింది.

"వాళ్లమ్మ పోయినప్పుడు ఆ నెలంతా ఈమె వరసలు ఎర్రగానే వచ్చినాయి," అన్నాడాయన. "పని చేస్తా ఏడస్తా ఉంటే యంత్రానికి పొసగదు కదా. నేను చదవలా. అమ్మా అనే మాట కనపడితే కండ్లు పక్కకు తిప్పుకుని, పనికి సంబంధం లేదు అని రాసి మూసేస్తా ఉంటి. అందుకే ఆ దినం పేర్లు చెరిపేటప్పుడు, ఏ తల్లికో రేపు ఏం గతి అని ఈమె అనుకునింది చూసి నాకు అనుమానమొచ్చింది. ఈమె బాధపడతా ఉందంటే ఏదో ఉంటాది, ఇంకోసారి విందామని ఫోన్ రికార్డు పెట్టుకుంటి. విన్నాక ఊరుకునేదానికి కాలేదు."

డైరెక్టరు చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టింది. మాట్లాడినప్పుడు గొంతు మెత్తగానే ఉంది.

"మీరు ఇద్దరి ప్రాణాలు కాపాడారు. నిబంధన కూడా తప్పారు. రెండూ నిజమే. ఇవాళ మంచికి ఫోన్ చేసిన ఆడిటరుని ఉండనిస్తే, రేపు చెడ్డకి చేసేవాణ్ణి నేను ఆపలేను. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి."

"మీ కుర్చీలో ఉంటే నేనూ అదే చేస్తానమ్మా. నన్ను తీసెయ్యండి," అన్నాడాయన. "ఈసారి మాట సరిగానే వినుకోండి. తీసి ఎవరికీ ఇయ్యొద్దు. తీసెయ్యండి."

రత్నం లేచి నిలబడింది. "అమ్మా, ఒక్క మాట. ఆయనతో ఒక్క మాట మాట్లాడనివ్వండి."

"మాట్లాడితే మీకూ ఇదే గతి. దాన్ని ఇంకెవరూ ఆపలేరు."

"పర్లేదండి."

"ఆయమ్మను కూర్చోమనండమ్మా," అన్నాడు తెర వెనకాయన, డైరెక్టరుతోనే. "ఆ పేర్ల కాడ ఆయమ్మ ఉండల్ల. నేను పోయేది అందుకే కదా."

రత్నం నిలబడే ఉంది. నోరు తెరిస్తే చాలు, ఆయనకు వినపడుతుంది. తెరిస్తే ఆయన చేసిందంతా వృథా అవుతుంది. మెల్లగా కూర్చుంది. డైరెక్టరు సంతకానికి కలం తీసి, మళ్లీ పక్కన పెట్టి, కళ్లద్దాలు తీసి చీరకొంగుతో తుడవడం మొదలుపెట్టింది. శుభ్రంగానే ఉన్న అద్దాలు. అయినా తుడుస్తూనే ఉంది. తల ఎత్తలేదు.

ఆవిడ ఎందుకలా తుడుస్తోందో రత్నానికి ఒక క్షణం తర్వాత తెలిసింది. సంతకం పడేదాకా తన మనసులో మాట ఆయన ముందుకే పోతుంది. కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లూ కట్టేసి నడిపించిన మనసుని వదిలేసింది. అయ్యా, మీ పేరు తెలీదు. ఊరు తెలీదు. మీ ఇంటావిడతో మళ్లీ మాటలు కలవాలి, ఆవిడ ఇచ్చే కాఫీ కాఫీలాగే ఉండాలి. మా అమ్మని చూడకుండా కళ్లు తిప్పుకున్నారు కదా, మా నాన్న ఉంటే అలాగే చేసేవాడు. పాలకొండ అమ్మాయి బిడ్డని చూసి వచ్చాను, గుప్పిళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాడు, బాగున్నాడు. మీరు లేకపోతే నేను బతికున్నన్నాళ్లూ ఆ చేతులు నా కలలోకి వచ్చేవి. మీకు చెయ్యెత్తి దండం పెడుతున్నాను. చేతులు కదిపితే ఏమంటారోనని కదపడం లేదు. పెడుతున్నాననే అనుకోండి.

డైరెక్టరు కళ్లద్దాలు పెట్టుకుని సంతకం చేసింది.

* * *

ఆ తర్వాత కేంద్రంలో కొత్త నిబంధన వచ్చింది. తీసియ్యడం, తీసెయ్యడం రెండూ నిషేధం. ఇవ్వాలంటే 'పంపు' అనాలి, పోగొట్టాలంటే 'చెరుపు' అనాలి. అందరూ దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, క్యాంటీన్లో సాంబారు గిన్నె కావాలన్నా "పంపండి" అంటున్నారు. ఆజ్ఞలు చెప్పే ఫోన్లు యంత్రం కూడా వినేట్టు మార్చారు. రాజాం ఆయన మాత్రం తన పేరు చెరపొద్దని కబురు చేశాడు. మిగతావాళ్లూ ఆయన వెనకే వచ్చారు. రత్నం చెవి వెనక పట్టీ అలాగే ఉంది, అవతల చదివేది ఇంకెవరో.

కొన్నాళ్లకు విచారణ నకలు పోస్టులో ఇంటికొచ్చింది. పెద్ద కట్ట. రత్నం గుమ్మంలోనే కూర్చుని మొదట్నించీ చదివింది. అడిగినవీ చెప్పినవీ అన్నీ ఉన్నాయి, పక్కన పట్టీ రాసిన వరసలతో సహా. దాదాపు అన్నీ పచ్చవే. చిట్టచివర ఒకటి ఎర్రగా ఉంది. చేసిన పని: కూర్చుంది. ఉద్దేశం: దండం పెట్టడం. పొసగలేదు.

ఎర్ర వరస వస్తే ఆడిటరు ఎదురుగా తన అభిప్రాయం రాయాలి. రాయకుండా కాగితం ముందుకు కదలదు. ఉద్యోగంలో ఉన్న ఆఖరి నిమిషంలో ఆయన ఆ గడిలో ఒకే మాట రాశాడు. అందింది.

ఐసు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన గవర్రాజు ఆమె భుజం మీదుగా వంగి చూశాడు. "ఏటందింది రత్నా?" అన్నాడు.

రత్నం కాగితాలు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి చూపించింది.